మాగాయ పక్కన ఆరిన కాగితాలు

మా తోడికోడలు భావన ఈ ఇంటికి వచ్చిన వేసవిలోనే మా డాబా నాకు కాకుండా పోయింది. దాళ్వా కోతలైపోయి, రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసుకున్న రోజులవి. మా మరిది జయంత్‌కి బ్యాంకు వాళ్ళు హైదరాబాదు నుంచి తాడేపల్లిగూడెం బదిలీ ఇచ్చారు. గుండుగొలనులో ఇంత ఇల్లు పెట్టుకుని గూడెంలో అద్దెలెందుకని మావయ్యగారు పట్టుబట్టి కొత్త దంపతులిద్దర్నీ ఇక్కడే దింపుకున్నారు. డాబా మీది గది వాళ్ళకిచ్చారు. ఆ వేసవి మావారు ఆఫీసు కట్టలు ఇంటికి తేలేదు.

కట్టల సంగతి చెప్పాలి. మావారు దత్తసాయి ఏలూరులో మురుగు కాల్వల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఒక ఏడాది వరదనీళ్ళు ఆ ఆఫీసు రికార్డు గదిలోకి వచ్చి, కింది అరల్లో ఉన్న ఫైళ్ళన్నీ నానిపోయాయి. పైవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళారు. ఆరబెట్టడానికి అక్కడ చోటూ లేదు, మనిషీ లేడు. అడిగితే చూద్దామన్నారట. చూస్తూ ఊరుకుంటే చెదలు తినేస్తాయని ఈయనే మా ఊరి జానీ ఆటోలో వేసుకుని కొన్ని కొన్ని ఇంటికి తెచ్చారు. డాబా మీద పాత దుప్పట్లు పరిచి, ఒక పక్క మాగాయ ముక్కలు, ఇంకో పక్క కాల్వల మ్యాపులు ఎండబెట్టాను నేను. అంటుకుపోయిన కాగితాలను కొబ్బరి ఈనెతో ఒక్కొక్కటీ విడదీశాను. ఫైళ్ళ మీది నంబర్లు నీళ్ళకి చెరిగిపోయాయి, లోపల ఊళ్ళ పేర్లు మాత్రం తెలుస్తున్నాయి. అందుకని ఊరికో కట్ట కట్టాను. ఏలూరులో బస్సెక్కి మా పుట్టిల్లు గూడెం వెళ్తుంటే ఏ ఊరి తరవాత ఏ ఊరు వస్తుందో అదే వరస: దెందులూరు, గుండుగొలను, భీమడోలు, పుళ్ళ, కైకరం, అలా. తాళ్ళు దొరక్క నా పాత చీరలు చింపి కట్టాను. నేనిచ్చిన వరసలోనే ఆయన వాటిని ఆఫీసు అరల్లో పెట్టారు, ఆ వరస ఏమిటని మాత్రం ఎప్పుడూ అడగలేదు. మరుసటేడు మళ్ళీ చెమ్మపట్టాయంటే మళ్ళీ ఎండబెట్టాను.

సర్కారు కాగితాలు ఇంటికి తేవడం పెద్ద తప్పట. తెలిస్తే ఉద్యోగం మీదికొస్తుందట. ఈ మాట గుమ్మం దాటకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటూ ఉండేది కానీ, ఆ ఒక్క సంగతీ బాగానే నానింది. ఇంటెడు చాకిరీలో ఎవరూ నాతో పోటీకి రాని పని, నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని అదొక్కటే అనుకునేదాన్ని. అలాంటిది భావన రాగానే, కొత్త మనిషి ఇంట్లో ఉండగా వద్దులే అని ఆయన తేవడం మానేశారు. డాబా మీద ఇప్పుడు ఆవిడ ల్యాప్‌టాపు, ఆవిడ యోగా చాప.

మనిషి చెడ్డదని చెప్పలేను. అదే నా బాధ. చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేది! పొద్దున్నే లేస్తుంది, ఎమ్మెస్సీ చదివాను కదా అని చీపురు ముట్టుకోకుండా ఉండదు, అక్కా అక్కా అంటూ వెనకే తిరుగుతుంది. నా పప్పుచారు తిని, ఎలా చేశారో చెప్పండి అని ఫోనులో రాసుకుంది. వారం తిరక్కుండా అదే పప్పుచారు తను పెడితే మావయ్యగారు రెండోసారి వడ్డించుకున్నారు. ఇరవయ్యేళ్ళ పైచిలుకు నా చేతి చారు తిన్న మనిషి ఆయన.

మావయ్యగారు వేంకటాచలంగారు పురోహితులు. ఊరి చివర మాకు రెండెకరాల పొలం ఉంది. దాని పక్కనే మురుగు కాల్వ. కొల్లేరు వైపు చేపల చెరువులు వేసినవాళ్ళు గట్లు కొంచెం కొంచెంగా కాల్వలోకి జరుపుకొచ్చారు. మిగిలినదాన్ని గుర్రపుడెక్క కమ్మేసింది. కిందటి సార్వాకి, అదే తొలకరి పంటకి, వానలు పడితే నీళ్ళు లాగక మా నారుమడి, చుట్టుపక్కల వాళ్ళ నారుమళ్ళు అన్నీ కుళ్ళిపోయాయి. ఎవర్ని అడిగినా కాల్వ మొదటి నుంచీ అంతే సన్నమండీ అన్నారు. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన ఆ గోడు చెప్పుకుంటుంటే భావన విని, కాల్వ అసలు వెడల్పెంతో ఆఫీసు మ్యాపులో ఉంటుంది కదా మావయ్యగారూ, సమాచార హక్కు కింద అడుగుదాం అంది. అన్నం తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి దరఖాస్తు రాసేసింది. ఆ దరఖాస్తు వెళ్ళింది మావారి ఆఫీసుకే.

ఇక మావయ్యగారి సంబరం చూడాలి. భీమడోలులో గృహప్రవేశం చేయించినా, పుళ్ళలో సత్యనారాయణ వ్రతం చేయించినా, కథ ఐదో అధ్యాయం అయ్యాక ఆరోది మా చిన్నకోడలి గురించేనట. జానీ చెప్పి నవ్వాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా? నాకు అసూయ. ఇంకో పేరు పెట్టి మర్యాదగా చెప్పుకోవడం నాకు చేతకాదు.

దరఖాస్తుకి జవాబివ్వాల్సింది ఆఫీసరు హేమంత్‌కుమార్‌గారు, ఫైలు వెతకాల్సింది మావారు. ఆయన రోజూ తలనిండా దుమ్ముతో, తుమ్ముకుంటూ ఇంటికి వచ్చేవారు. రిజిస్టరులో నంబరు ఉందట, అరలో ఆ నంబరు ఫైలు లేదట. ఎలా ఉంటుంది, నంబర్లన్నీ నీళ్ళలో పోతే? గుండుగొలను కట్ట ఆవపువ్వు రంగు చీర అంచుతో కట్టి, దెందులూరుకీ భీమడోలుకీ మధ్య ఉంది. ఒక్క మాట అడిగితే కాఫీ ఇస్తూ చెప్పేసేదాన్ని. ఆయన అటెండరుని అడిగారు, రిటైరైన గుమస్తాకి ఫోను చేసి అడిగారు. నన్ను మాత్రం అడగలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. పోనీ నేనే చెబుదామా అనుకుంటే, చెబితే లాభం ఎవరికి? భావనకి. నోరు మూసుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. అడిగిన ఫైలు వరదలో తడిసి పూర్తిగా పాడైపోయిందని, కాబట్టి ఇవ్వలేమని. భావన అది చదివి పైకి వెళ్ళిపోయింది. ఆ పూట నేను పులిహోర చేశాను. ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు, బతికిపోయాను.

ఆవిడ ఊరుకుంటే కదా. పై అధికారికి అప్పీలు పెట్టి, రికార్డు గదిలోకి నేనే వచ్చి కళ్ళారా చూసుకుంటానని అడిగింది. సరే రమ్మన్నారు. సోమవారం పొద్దున్న అని కాగితం వచ్చింది. మృగశిర కార్తె వచ్చేసింది, ఊళ్ళో నారుమళ్ళకి దుక్కులు మొదలయ్యాయి. కాల్వ సంగతి ఈ లోపల తేలకపోతే ఈ సార్వా కూడా నీళ్ళపాలే అని అందరికీ తెలుసు.

మావారికి మాత్రం వేరే భయం పట్టుకుంది. ఆవపువ్వు చీరలో సగం రికార్డు గదిలో ఉంటే, మిగతా సగం బొంతయి భావన మంచం మీద ఉంది. చూడగానే పోల్చుకుంటుంది. అందుకని ఆదివారం నాడు నాకు చెప్పులు కొనాలనే వంకతో నన్ను ఏలూరు తీసుకెళ్ళి, ఆఫీసు తాళం తీసి, ఆ చీర పేలికలన్నీ విప్పేసి తెల్ల టేపు కట్టమన్నారు.

ఆ గదిలోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. చిన్న కిటికీ, ముక్కిన వాసన, గోడకి ఇంకా వరద గీత. ఆ బూజు మధ్యలో అరలనిండా నా చీరల రంగులు. చిలకపచ్చ, నేరేడు, వంగపువ్వు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఆ వెంటనే ఎంత ఒళ్ళు మండిందో కూడా చెప్పలేను. నేను కట్టినవి నా చేతే విప్పిస్తున్నారు. సగం విప్పాక అప్పుడు అడిగారు మహానుభావుడు, గుండుగొలను ఫైలు నువ్వేమైనా చూశావా అని. వేలు పెట్టి చూపించాను.

ఆయన కట్ట విప్పి మ్యాపు చూసి, ఆనందించాల్సింది పోయి, స్టూలు మీద కూలబడ్డారు.

"ఇది దొరక్కపోతేనే బాగుండేది చాముండీ," అన్నారు. "పాడైపోయిందని సారు సంతకం పెట్టేశారు. ఇప్పుడు బయటపడితే ఎక్కడ ఆరింది, ఎవరు తీసుకెళ్ళారు అని మొదలవుతుంది. ఆయన తప్పించుకుంటారు. పోయేది నా ఉద్యోగం."

అలా దొరికినవి ఏమైనా ఉంటే ఎవరి కంటా పడకుండా చూడమని హేమంత్‌కుమార్‌గారు ముందే అన్నారట. మావారు ఆ కట్టని, చెప్పులకని తెచ్చిన సంచీలో పెట్టుకున్నారు. చెప్పులు కొనలేదు. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, రేపు పొద్దున్న నీళ్ళు కాచేటప్పుడు బాయిలర్లో వేసెయ్యమని నాకిచ్చారు. తన చేత్తో తను వెయ్యలేరట. నేను సరేనన్నాను. రేపు భావన ఉత్త చేతులతో తిరిగొస్తుందన్న ఊహ నాకు బాగానే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

సోమవారం పొద్దున్న పెరట్లో కొబ్బరి డొక్కలు వేసి బాయిలరు ముట్టించాను. మోకాళ్ళ నొప్పులకి మావయ్యగారికి ఎండాకాలమైనా వేణ్ణీళ్ళే. వీధరుగు మీద ఆయన పంచాంగం చూసి, వర్జ్యం దాటాక బయల్దేరమ్మా, ఈ ఊరు నీ పేరు చెప్పుకుంటుంది అని భావనతో అంటున్నారు. ఆ మాట పెరటిదాకా వినిపించింది. నేను కట్ట విప్పి, ముందు పై అట్ట మంటలో పడేశాను. చెమ్మ లేకుండా ఎండబెట్టిన అట్ట, ఇట్టే అంటుకుంది. తరవాత మ్యాపు చేతిలోకి తీసుకున్నాను. ఒక మూల పసుపు మరక ఉంది. మాగాయ ముక్కలు తిరగేసిన చేత్తోనే దీన్నీ తిరగేసి ఉంటాను.

అప్పుడు భావన బకెట్టు పట్టుకుని వచ్చింది. నేను మ్యాపు కొంగు చాటున పెట్టుకున్నాను. ఆవిడ చూడలేదు, నూతి గట్టు మీద కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, అక్కడ ఏమీ దొరకదని నాకు తెలుసు," అంది. "మావయ్యగారు ఆశపడుతున్నారని వెళ్తున్నాను, అంతే. అంత వరదలో తడిసిన కాగితాల్ని ఎవరు కాపాడి ఉంటారండీ? అంత ఓపిక ఎవరికుంటుంది?"

ఒట్టు, ఉద్యోగం, ఆయన ముఖం, ఏదీ గుర్తు రాలేదు నాకు.

"నాకుంది," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. కొంగు తీసి మ్యాపు చూపించాను. ఆవిడ మ్యాపుని చూసింది, కింద పడున్న ఆవపువ్వు పేలికని చూసింది, బాయిలర్లో మండుతున్న అట్టని చూసింది. ముందు లేచి కొబ్బరి డొక్కల్ని బయటికి లాగి నీళ్ళు చల్లింది. ఆ తరవాత అంతా చెప్పాను, జానీ ఆటో దగ్గర్నుంచి చెప్పుల సంచీ దాకా. ఒక్కసారి మొదలుపెడితే నేను మధ్యలో ఆగను. ఆవిడ ఆ కాగితాన్ని ఒళ్ళో పరుచుకుంది. కాల్వకి రెండు పక్కలా కొలతలు, సరిహద్దు రాళ్ళు, పాతకాలం చేతిరాతలో అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇప్పుడున్న కాల్వ అందులో మూడోవంతు ఉంటుందేమో.

"అయితే నేను వెళ్ళనక్కా," అంది చివరికి. "దరఖాస్తు వెనక్కి తీసేసుకుంటాను. బావగారి ఉద్యోగం కంటే కాల్వ ఎక్కువేం కాదు."

చూశారా! కాల్వ గెలిచినా పేరు తనకే, వదులుకున్నా పేరు తనకే. రేపు ఈయనకి తెలిస్తే, మరదలు ఎంత మంచిదో అని జన్మంతా చెప్పుకుంటారు. ఆ పెద్దరికం కూడా నాకు మిగల్చకుండా తనే పట్టుకుపోతానంటోంది.

"నువ్వేమీ త్యాగాలు చెయ్యక్కర్లేదు," అన్నాను. "నేను చీర మార్చుకుని వస్తాను. జానీకి ఫోన్ చెయ్యి."

దారంతా ఆవిడ వద్దక్కా, ఇంకోసారి ఆలోచించండి అంటూనే ఉంది. నేను కట్ట ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాను. దెందులూరు దగ్గర నాకూ భయం వేసింది. ఆయన ముఖం అప్పుడు గుర్తొచ్చింది. ఆటో ఆపమందామనుకున్నాను. భావన నా చెయ్యి పట్టుకుని, భయపడకండి నేనున్నాను కదా అంది. ఇక ఆపమనలేదు.

హేమంత్‌కుమార్‌గారు మర్యాదస్తుడే. భావనకి కుర్చీ వేయించి, గది చూపిస్తాం రండమ్మా అని లేచారు. పక్క బల్ల దగ్గర మావారు నన్ను చూసి కళ్ళద్దాలు తీశారు. నేను కట్ట తీసి ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాను.

"ఇది మా ఇంట్లో ఉందండీ," అన్నాను. "వరదలో తడిస్తే నేనే ఎండబెట్టాను. మిగతావి కూడా నేనే ఎండబెట్టాను, అవి మీ గదిలోనే ఉన్నాయి. ఊళ్ళ వరసలో వెతికితే దొరుకుతాయి."

ఆయన మావారి వంక చూసి, కట్ట వంక చూసి, మీరెవరండీ అని నన్నే అడిగారు. దత్తసాయిగారి భార్యనండీ అన్నాను. అడిగిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, అడిగిన కాగితం బల్ల మీద ఉంది, ఇక దాచడానికేముంది? భావన మాత్రం మెత్తగానే, నకళ్ళు ఇప్పించండి సార్, ఫైలు చూశానని మీ రిజిస్టర్లో సంతకం కూడా పెడతాను అంది. పెట్టింది. మావారు ఆ సేపంతా బల్ల మీద ఏదో రాస్తున్నట్టు తలవంచుకునే ఉన్నారు. కలంలో ఇంకు ఉందో లేదో కూడా చూసుకుని ఉండరు.

ఆ తరవాత పనులు చకచకా జరిగాయి. నకళ్ళు పట్టుకుని ఊరి రైతులంతా వెళ్తే కొలతలకి మనుషులొచ్చారు. గట్ల అడుగున సరిహద్దు రాళ్ళు బయటపడ్డాయి. పొక్లెయిన్ వచ్చి గట్లు వెనక్కి జరిపి, గుర్రపుడెక్క కొండల్లా ఒడ్డున పోసింది. మొదటి పెద్ద వానకి కాల్వ నిండుగా పారింది, నారుమళ్ళు నిలిచాయి. పేపర్లో భావన ఫొటో వేశారు. మావయ్యగారు దాన్ని కత్తిరించి పంచాంగంలో పెట్టుకున్నారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆయన్ని అనడానికి కూడా లేదు, జరిగింది ఆయనకి మేమెవరమూ పూర్తిగా చెప్పలేదు.

మావారికి మెమో వచ్చింది. సర్కారు రికార్డులు ఆఫీసు దాటించి ఇంటికి ఎందుకు తీసుకెళ్ళారో సంజాయిషీ ఇవ్వమని. పాడైపోయిందని సంతకం పెట్టినాయనకి ఏ మెమో లేదు. ఈయన నాతో మాట్లాడటం మానేశారు. కంచం ముందు కూర్చుంటారు, తింటారు, లేస్తారు. మంచినీళ్ళు కావాలన్నా భావనా అని పిలుస్తారు. మరిదిని మజ్జిగ అడుగుతారు. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ ఇలా లేదు. అరిచినా బాగుండేది.

సంజాయిషీ ఎలా రాయాలో ఈయనకి తోచలేదు. భావన రాస్తానంది. ఒక మధ్యాహ్నం వానపడుతుంటే ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఆఫీసులో ఆరబెట్టే ఏర్పాటు అడిగితే ఎవరూ పట్టించుకోలేదని, కాపాడకపోతే ఊళ్ళ ఆధారాలే పోయేవని, ఇకమీదట రికార్డులు పైఅరల్లో పెట్టి, ఎవరడిగినా దొరికేలా ఊళ్ళవారీగా జాబితా కట్టాలని, ఆవిడ చదువుతుంటే ఈయన బాగుంది, బాగా రాశావమ్మా అంటున్నారు. నా మొగుడి ఉద్యోగం కాపాడే పని కూడా ఆవిడకే వెళ్ళిపోయింది. అప్పుడు చదివింది, 'కుటుంబ సభ్యుల సహకారంతో ఆరబెట్టి' అని.

చిక్కుళ్ళ పళ్ళెం కింద పెట్టి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"కుటుంబ సభ్యులెవరు?" అన్నాను.

భావన తడబడి, మీ పేరు రాస్తే విచారణకి మిమ్మల్ని కూడా పిలుస్తారక్కా, అందుకని రాయలేదు అంది. మావారు కాగితం వంకే చూస్తూ, చాలా రోజుల తరవాత నాతో మాట్లాడారు.

"అక్కడ నిలబెట్టి అడుగుతారు. నీకెందుకది?"

"అడగనివ్వండి. చేసింది నేనైతే ఎవరో సభ్యులు చేశారని రాసుకుంటారా? సర్కారు కాగితంలో అబద్ధం ఉండకూడదనే కదా ఇంత గొడవా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భావన ఆ రెండు మాటలు కొట్టేసి, పైన 'నా భార్య చాముండేశ్వరి' అని రాసింది. చదవమన్నాను. చదివింది. ఇంకోసారి చదవమన్నాను. ఈసారి ఆవిడకి నవ్వొచ్చింది, అయినా చదివింది. మావారు కాగితం తన వైపు తిప్పుకుని, ఆ వాక్యం వేలు పెట్టి చదువుకుని, అడుగున సంతకం పెట్టారు. ఇంక్రిమెంట్లు ఆపుతారో, ఏ కలిదిండి అవతలకో బదిలీ చేస్తారో అప్పటికి తెలియదు.

కలం మూత పెట్టి ఆయన నా వైపు చూశారు.

"చాముండీ, కాసిని మంచినీళ్ళియ్యి," అన్నారు.

భావన లేవబోయింది. నువ్వు కూర్చో అన్నాను.